ఇంటి పద్దు సరే... పొలం పద్దు మాటేమిటి?

పాలవాడు ఒక పూట రాకపోతే క్యాలెండర్ మీద సున్నా చుడతాం. కిరాణా పద్దు, ఇస్త్రీ పద్దు, గ్యాస్ బండ ఏ తేదీన మార్చామో... అన్నీ మనకి వేళ్ళ మీదే ఉంటాయి. పది రూపాయలు ఎక్కడ ఖర్చయ్యాయో తేలకపోతే ఆ రాత్రి నిద్ర పట్టదు మనకి!

అదే ఇంట్లోంచి ఏటా వేలకి వేలు పొలంలోకి వెళతాయి. దానికి మాత్రం పద్దు ఉండదు. "ఈ ఏడు పంట ఎలా ఉందండీ?" అంటే, "ఎకరాకి పాతిక బస్తాలయింది" అని ఠక్కున చెబుతారు. "మరి ఎంత మిగిలింది?" అని అడిగి చూడండి. "ఏదో... తిండికి ఇబ్బంది లేదు" అని మాట దాటేస్తారు. బస్తాల లెక్క ఊరందరికీ తెలుసు. రూపాయల లెక్క ఆ ఇంట్లోవాళ్ళకే తెలియదు.

మాది కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసే చోటు. ఒకప్పుడు పేరున్న ఓడరేవు. ఇప్పుడు లైట్‌హౌసూ, సముద్రపు ఒడ్డూ చూడడానికి జనం వస్తుంటారు. మాకు మాత్రం కాలం ఉభాలతో మొదలై కళ్ళంతో ముగుస్తుంది. వరి కోశాక ఆ తడి మీదే మినుములో, పెసలో చల్లుకుంటారు. డిగ్రీ చదివి, ఇల్లు చూసుకుంటూ, తీరిక దొరికినప్పుడు కథలు రాసుకునే నీకు ఈ వ్యవసాయపు లెక్కల గొడవెందుకూ అంటారా? కథలు రాసేవాళ్ళకి ఓ అలవాటుంటుంది. ఎదుటివాళ్ళు చెప్పకుండా మింగేసిన మాట ఏమిటా అని చూస్తారు. రైతు ఇంట్లో మింగేసిన మాట చాలాసార్లు అప్పే!

నూటికి తొంభై మూడు ఇళ్ళు

ఇది నా ఊహ కాదు. 2019లో జాతీయ నమూనా సర్వే వాళ్ళు దేశమంతా తిరిగి వ్యవసాయ కుటుంబాల వివరాలు సేకరించారు. మన ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయం చేసే ప్రతి నూరు కుటుంబాల్లో 93 కుటుంబాలకి అప్పుందని తేలింది. ఒక్కో కుటుంబానికి సగటున 2 లక్షల 45 వేల రూపాయలు. అదే సర్వేలో ఇంకో సంగతి కూడా బయటపడింది. దేశం మొత్తం మీద వ్యవసాయ కుటుంబానికి నెలకి సగటున 10,218 రూపాయలు వస్తే, అందులో పంట మీద వచ్చింది 3,798 రూపాయలే. కూలి మీద వచ్చింది 4,063. అంటే రైతు కుటుంబం తన పొలం కన్నా ఇతరుల దగ్గర చేసే పని మీదే ఎక్కువ ఆధారపడుతోందన్నమాట!

ధర సరిగ్గా రాకపోవడం, తుపాన్లు, కాలువ నీళ్ళు శివారు పొలాలకి చేరకపోవడం... వీటికి మనం ఒక్కళ్ళమే ఏమీ చేయలేం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చినప్పుడు ఉత్తరాంధ్రలో ఏ నోటుపుస్తకమూ గాలిని ఆపలేదు. నిజమే! కానీ ఖర్చు మాత్రం చాలావరకు మన చేతిలో ఉన్నదే. ఆ ఖర్చు కనబడాలంటే ముందు రాయాలి. రాశాక పక్కవాళ్ళ లెక్కతో పోల్చి చూడాలి.

పోల్చి చూస్తే కదా తెలిసేది

కూరలో ఉప్పు ఎక్కువైందని ఎలా తెలుస్తుంది? సరిగ్గా కుదిరిన కూర రుచి తెలుసు కనుక. ఎరువుకి ఎకరానికి ఆరు వేలు ఎక్కువా, తక్కువా? అలాంటి మట్టిలోనే, అదే నీటితో, అదే వరి వేసిన నలుగురి లెక్కలు పక్కన పెట్టుకుంటే తప్ప చెప్పలేం.

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో రైతులు 1924 నుంచీ సంఘంగా ఏర్పడి పొలం లెక్కలు ఒకచోట చేర్చి చూసుకుంటున్నారు. ఎవరి పేరూ బయటికి రాదు. నీ ఖర్చు ఇంత, నీలాంటి వాళ్ళ సగటు ఇంత, బాగా మిగుల్చుకున్నవాళ్ళది ఇంత అని మాత్రం తెలుస్తుంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్ళు 'ఫిన్‌బిన్' పేరుతో ఇలాంటి లెక్కల ఖజానానే నడుపుతున్నారు. ఈమధ్య కాలంలో ఇల్లినాయ్ రైతులు ఇంకో అడుగు ముందుకి వేశారు. ఎన్నిసార్లు దున్నారు, నత్రజని ఎంత వేశారు, నేల కోతపడకుండా ఏం చేశారు అన్నది కూడా ఆదాయ వ్యయాల పక్కనే రాసి చూస్తున్నారు. నేలని కాపాడుకోవడం దండగ ఖర్చా, లాభమా అన్నది అప్పుడే కదా తేలేది!

మన దేశంలో ఈ లెక్కలు లేవని కాదు. 1970-71 నుంచి సాగు ఖర్చుల పథకం కింద రాష్ట్రాల్లో రైతుల దగ్గర వివరాలు సేకరిస్తూనే ఉన్నారు. వాటి ఆధారంగానే మద్దతు ధర సిఫార్సు చేస్తారు. 2025-26 ఖరీఫ్‌కి మామూలు రకం వరికి క్వింటాలుకి 2,369 రూపాయలు ప్రకటించారు. ఖర్చు 1,579 అవుతుందని లెక్క కట్టి, దాని మీద సగం కలిపారు. అయితే అది దేశానికంతటికీ కలిపి వేసిన సగటు. గార మండలంలో ఇసుక కలిసిన మడిలో మీకెంతయిందో అందులో ఉండదు. అది మీరే రాసుకోవాలి.

మూడు బస్తాలు తక్కువైనా...

ఓ చిన్న లెక్క చూద్దాం. తేలిగ్గా అర్థం కావడానికి నేను అనుకున్న అంకెలివి.

ఒకే గట్టుకి అటూ ఇటూ ఇద్దరు వదినా మరదళ్ళ పొలాలున్నాయనుకుందాం. చెరో ఎకరం. వదినగారి పొలంలో 80 కిలోల బస్తాలు 28 అయ్యాయి. అంటే 22 క్వింటాళ్ళ 40 కిలోలు. ఖర్చు 33,600. మరదలి పొలంలో 25 బస్తాలే, అంటే 20 క్వింటాళ్ళు. ఖర్చు 24,000. ఊళ్ళో ఎవరిని మెచ్చుకుంటారు? వదినగారినే!

క్వింటాలుకి 2,369 చొప్పున అమ్మితే వదినగారికి 53,066 వస్తుంది. ఖర్చు పోను 19,466. మరదలికి 47,380 వస్తుంది. ఖర్చు పోను 23,380. మూడు బస్తాలు తక్కువ పండినావిడకే దాదాపు నాలుగు వేలు ఎక్కువ మిగిలింది! ఎందుకంటే వదినగారికి క్వింటాలు పండించడానికి 1,500 అయింది, మరదలికి 1,200. బస్తాలు చూసి మురిసిపోవద్దు, క్వింటాలు ఖర్చు చూడండి అనేది ఇందుకే.

కథ ఇక్కడితో అయిపోతే బాగానే ఉండును. కానీ అయిపోలేదు.

ఆమె రోజులు ఎక్కడ?

మా వీధిలో ఆరుగురు ఆడవాళ్ళం కూర్చుని పొలం పద్దు రాయడం మొదలుపెట్టినప్పుడు, వరసకి పిన్నమ్మ అయ్యే ఒకావిడ నవ్వింది. "పుస్తకంలో రాస్తే గింజ పెరుగుతాదేటమ్మా?" అంది.

"గింజ పెరగదు పిన్నీ. మన డబ్బు ఏ కంత లోంచి పోతందో తెలుస్తాది" అన్నాను.

సరేనని రాయించింది. దమ్ముకి ఇంత, విత్తనానికి ఇంత, ఎరువుకి ఇంత, కోతకి ఇంత. కలుపు దగ్గరికొచ్చేసరికి "అదేటీ అవలేదు. నానే తీసీసినాను" అంది.

"ఎన్ని రోజులు?"

"ఏమో... పదో, పన్నెండో. సొంత మడే కదా, నాకు కూలి ఎవులిస్తారు?"

అక్కడ నా పెన్ను ఆగిపోయింది. మనం ఇల్లు ఊడ్చినా, వండినా, పిల్లల్ని చదివించినా లెక్కలోకి రాదు, సరే. ఎర్రటి ఎండలో వంగి కలుపు తీసినా లెక్కలోకి రాకపోతే ఎలా? పైగా ఇది మనసుకి కష్టం తోచే మాట మాత్రమే కాదు. లెక్కే తప్పిపోతుంది!

ఇందాకటి వదినా మరదళ్ళనే చూడండి. వదినగారు పనులన్నీ కూలీల చేతే చేయించింది. మరదలు 20 రోజులు తనే దిగి చేసింది. రోజుకి 300 చొప్పున ఆ కష్టం 6,000. అది కలిపితే మరదలికి ఖర్చు 30,000. మిగిలింది 17,380. అంటే వదినగారి కన్నా రెండు వేలు తక్కువ! లాభం అనుకున్నదాంట్లో కొంత ఆవిడ నడుము విరిగిన కూలే.

అలాగని మరదలు చేసింది తప్పూ కాదు. ఇద్దరూ పెట్టుబడి నూటికి రెండు రూపాయల వడ్డీకి ఆరు నెలలకి తెచ్చారనుకోండి. వదినగారికి వడ్డీ 4,032, మరదలికి 2,880. ఇప్పుడు తేడా వెయ్యి లోపుకి వచ్చేసింది. తుపానొచ్చి పంట పోతే వదినగారి నెత్తిన 33,600 అప్పు, మరదలి నెత్తిన 24,000. ఇక ఆ 20 రోజుల్లో ఎక్కువ భాగం కలుపుకే పోతోందని పుస్తకం చెప్పింది కనుక, వరసల్లో నాటి కలుపు యంత్రం తోయడమో, నలుగురూ ఒకరి పొలంలో ఒకరు వంతు పని చేసుకోవడమో ఆలోచించుకోవచ్చు. పది రోజులు తగ్గినా మూడు వేలు ఆదా. అప్పుడు మరదలే ముందుంటుంది. రాయకపోతే ఇందులో ఏ ఒక్కటీ కనబడదు.

మద్దతు ధర కోసం ఖర్చు లెక్కేసేటప్పుడు ప్రభుత్వమే కుటుంబ సభ్యుల శ్రమకి విలువ కడుతుంది. ఇందాక చెప్పిన 1,579లో అది కూడా ఉంది. ఢిల్లీలో లెక్కకొచ్చిన మన కష్టం, మన ఇంటి పుస్తకంలో లెక్కకి రాకపోవడం విడ్డూరం కాదూ?

నీళ్ళకీ పద్దు రాసిన ఊళ్ళు

డబ్బు పద్దు ఒక్కటే చాలదు. నేలా, నీళ్ళూ కూడా మన పెట్టుబడే. బ్యాంకులో వేసిన డబ్బు అసలు తరిగిపోతుంటే వడ్డీ చూసి సంతోషిస్తామా? బోరు అడుగంటిపోతున్నా, భూసారం తగ్గిపోతున్నా ఈ ఏడు మిగిలింది చూసుకుని లాభం అనుకోవడం అలాంటిదే.

ఈ విషయంలో ప్రపంచం మెచ్చిన పని మన తెలుగునాటే జరిగింది. 2003 ప్రాంతంలో నెదర్లాండ్స్ సాయంతో మొదలై, తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ద్వారా 2010 దాకా నడిచిన రైతుల భూగర్భ జల పథకం అది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ... ఈ ఏడు కరువు జిల్లాల్లో 600 పైచిలుకు ఊళ్ళలో నడిచింది. గొప్ప గొప్ప యంత్రాలేం కావు. ఊళ్ళో ఒక వానమాపకం. కొన్ని బావుల్లో నీటిమట్టం చూసే పరికరం. రైతులే, వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు, క్రమం తప్పకుండా కొలిచి ఊరి గోడ మీద రాసేవారు. వానాకాలం అయ్యాక అందరూ కూర్చుని, భూమిలోకి ఎంత నీరు ఇంకింది, రబీకి అనుకున్న పంటలన్నీ వేస్తే ఎంత కావాలి అని లెక్క వేసుకునేవారు. అచ్చం మనం నెల మొదట్లో జీతం ముందు పెట్టుకుని వేసే బడ్జెట్ లాగే!

ఫలానా పంట వేయొద్దని ఎవరూ ఎవరినీ ఆదేశించలేదు. నీళ్ళు చాలవని తమ కళ్ళతో తామే చూసుకున్నాక చాలామంది వరి తగ్గించి తక్కువ నీటి పంటలకి మళ్ళారు. 2010లో ప్రపంచ బ్యాంకు తన నివేదికలో ఈ ప్రయత్నాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించింది. నీటి వాడకం తగ్గినా రైతుల రాబడి తగ్గలేదు, పెరిగిందని రాసింది.

మాలాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళకి ఇందులో ఇంకో పాఠం ఉంది. ఇక్కడ బోరు అతిగా తోడితే నీరు తగ్గడమే కాదు, ఉప్పునీరు లోపలికి వచ్చే ప్రమాదం కూడా. అందుకే మా పుస్తకంలో ఓ గడి బోరు నీటి రుచికి పెట్టాం!

మట్టి కార్డు అటక మీదేనా?

2015 ఫిబ్రవరి 19న కేంద్రం భూసార పరీక్ష కార్డుల పథకం మొదలుపెట్టింది. కార్డులో 12 అంశాలుంటాయి. కార్డు చాలా ఇళ్ళలో ఉంది. ఎక్కడుందని అడిగితే, రేషన్ కార్డు జిరాక్సుల కింద!

దాన్ని బయటికి తీయండి. ముఖ్యంగా రెండు గడులు చూడండి. సేంద్రియ కర్బనం 0.5 శాతం కన్నా తక్కువుంటే నేల బలహీనంగా ఉన్నట్టు, 0.75 దాటితే బాగున్నట్టు. ఇ.సి. అని ఉన్న గడి ఉప్పు సంగతి చెబుతుంది. తీరప్రాంతం వాళ్ళు దీన్ని అస్సలు వదలకూడదు. భాస్వరం ఇప్పటికే ఎక్కువుందని కార్డు చెబుతున్నా, అలవాటు కొద్దీ కాంప్లెక్స్ బస్తా వేస్తున్నామా? ఆ బస్తా ఖరీదే మన పుస్తకంలో మొదటి ఆదా.

ప్రకృతి వ్యవసాయం గురించి వినే ఉంటారు. రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో 2016 నుంచి మన రాష్ట్రంలో సాగుతోంది. నడిపిస్తున్నది ఎక్కువగా మన పొదుపు సంఘాల ఆడవాళ్ళే. జీవామృతం, ఘనజీవామృతం, తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలని పచ్చగా ఉంచడం... ఇవీ పద్ధతులు. 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ సంస్థ ఇచ్చే పది లక్షల యూరోల బహుమతిని ఈ కార్యక్రమం, శాస్త్రవేత్త రతన్ లాల్, ఈజిప్టుకి చెందిన సెకెం సంస్థతో కలిసి పంచుకుంది. విశాఖలోని ఆంధ్రప్రదేశ్ అభివృద్ధి అధ్యయన సంస్థ ఈ పొలాల్నీ, మామూలు పొలాల్నీ పక్కపక్కన పెట్టి పంటకోత లెక్కలు తీస్తూ వచ్చింది. దిగుబడి మీద శాస్త్రవేత్తల్లో వాదోపవాదాలున్నాయి. ఉండనివ్వండి. మన పొలానికి సరిపడిందో లేదో మన పుస్తకమే చెబుతుంది. అరెకరంలో చేసి, మిగతాది మామూలుగా చేసి, రెండింటికీ వేరువేరు పేజీలు పెట్టండి. కషాయాలు కాచేదీ, పేడా మూత్రమూ మోసేదీ ఎవరు, ఎన్ని గంటలు అన్నది మాత్రం రాయడం మరిచిపోవద్దు సుమా!

ఇలా మొదలుపెట్టండి

రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి చాలు. మా పద్ధతి ఇది:

* ప్రతి మడికీ ఒక పేజీ. పైన విస్తీర్ణం, రకం, నాటిన తేదీ.

* ఏ రోజు ఖర్చు ఆ రోజే రాయాలి. విత్తనం, దుక్కి, ఎరువు, మందు, కూలి, కోత, మోత, కౌలు, వడ్డీ... దేనికది వేరు గడి.

* ఇంట్లోవాళ్ళ పనిరోజులు వేరే గడిలో. మగవాళ్ళవి, ఆడవాళ్ళవి విడివిడిగా. ఊళ్ళో నడిచే కూలి రేటు కట్టాలి.

* ఇంట్లో తినడానికి ఉంచుకున్న ధాన్యం, పశువులకి వేసిన గడ్డి కూడా ఆదాయమే. ధర కట్టి రాయాలి.

* వాన పడిన రోజులు, కాలువ నీరు వచ్చిన రోజులు, బోరు వేసిన గంటలు.

* ఏడాదికోసారి ఒకేచోట మట్టి పరీక్ష. ఇంట్లోనే ఇంకో పరీక్ష చేయొచ్చు. రెండువైపులా తెరిచిన డబ్బా రేకుని ఆరిన మడిలో సగం దాకా దిగగొట్టి, చెంబెడు నీళ్ళు పోసి, ఇంకడానికి ఎంతసేపు పట్టిందో రాయాలి. ఏటేటా త్వరగా ఇంకుతుంటే నేల గుల్లబారుతోందని గుర్తు.

కళ్ళం అయ్యాక ఐదారుగురు కలిసి కూర్చోండి. ఎకరం ఖర్చు, క్వింటాలు ఖర్చు, మిగులు... మూడు అంకెలే చదవాలి. పేర్లు అక్కర్లేదు, ఒకటో నంబరు, రెండో నంబరు చాలు. "మీకంత, మాకింత" అని ఎత్తిపొడుపులుండకూడదని ముందే అనుకోవాలి. మా దగ్గర మొదటి రోజున ఎవరూ నోరు విప్పలేదు. పిన్నమ్మే ముందు తన అంకె చెప్పేసింది. ఆ తర్వాత పురుగుమందు గడి దగ్గర ఒకరికీ ఒకరికీ ఎంత తేడా ఉందో చూసి అందరూ ఆశ్చర్యపోయారు. కొట్టువాడు ఇచ్చిందల్లా తెచ్చి కొట్టడమే తప్ప, ఎందుకని ఎవరూ అడగలేదు మరి!

లెక్కలు మనకి రావేమో అని జంకకండి. పొదుపు సంఘాల పంచసూత్రాల్లో పుస్తకాలు రాయడం ఒకటి. సంతకం కూడా రాని ఆడవాళ్ళు నెలనెలా పొదుపు, అప్పు, వడ్డీ పైసాతో సహా చెబుతున్నారు. ఆ పుస్తకం పక్కన ఇంకో పుస్తకం... అంతే. అనుమానం వస్తే అడగడానికి ఊరి రైతు సేవా కేంద్రం ఉంది. మా జిల్లా వాళ్ళకైతే ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం, నైరా వ్యవసాయ కళాశాల, రాగోలు పరిశోధనా కేంద్రం దగ్గర్లోనే ఉన్నాయి. చేతిలో పుస్తకంతో వెళ్ళి చూడండి. "పంట బాగోలేదండీ" అంటే వచ్చే జవాబు వేరు, "ఎరువు ఖర్చు పక్క పొలం కన్నా రెండు వేలు ఎక్కువైంది, గింజ పెరగలేదు, ఎందుకు?" అంటే వచ్చే జవాబు వేరు.

పట్నంలో ఉంటున్న అక్కచెల్లెళ్ళారా! మాకిదంతా ఎందుకనుకోకండి. పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరమో, అరెకరమో ఊళ్ళో కౌలుకిచ్చి ఉంటారు. ఆ కౌలు రైతు భార్య రాసిన పుస్తకం ఒకసారి అడిగి చూడండి. కౌలు పోగా ఆ ఇంటికి మిగిలింది ఎంతో తెలుస్తుంది. నేలకి పేడ ఎరువు వేస్తే ఫలితం రెండు మూడేళ్ళకి గానీ రాదు. వచ్చే ఏడు ఈ పొలం తన చేతిలో ఉంటుందో లేదో తెలియని మనిషి మీ నేల బాగు కోసం ఎందుకు ఖర్చు పెడుతుంది? మూడేళ్ళకి మాట ఇస్తే మీ నేలా బాగుపడుతుంది, ఆమె బతుకూ కుదుటపడుతుంది.

కళ్ళం దగ్గర తూకం వేసేటప్పుడు ఇంటి మగవాళ్ళు బస్తాలు లెక్కపెడతారు. పెట్టనివ్వండి. మా పిన్నమ్మ కిందటిసారి అక్కడే నిలబడి వాళ్ళాయన్ని ఓ మాట అడిగింది. "ఇందల నా పన్నెండు రోజులు ఏ బస్తాలో ఉన్నాయో సెప్పు!" ఆయన నవ్వేసి ఊరుకోలేదు. పుస్తకం ఇలా తెమ్మన్నాడు.